తెల్లరాళ్ల పంట

కృష్ణా గోదావరీ డెల్టాలలో వరిచేల ప్రక్కన కొన్ని యేండ్లుగా మరియొక పంట పండుచున్నది. దానికి నీరక్కరలేదు, ఎరువక్కరలేదు, కోతకూలియు నక్కరలేదు. మోకాలెత్తు రాళ్లకు సున్నము పూసి బారులుగా పాతిన చాలును. ఎకరముల లెక్క పోయి గజముల లెక్క వచ్చును. తెలంగాణములోని మెట్టచేలకును, రాయలసీమలోని వేరుసెనగ చేలకును ఈ పంట ప్రాకినది. రోడ్డుమీద నొక సిమెంటు కమాను, దానిపై నొక దేవుని పేరో, ఎన్నడు చూడని విదేశనగరము పేరో, లోపల నీడనీయని నాలుగు అలంకారపు చెట్లు! అంతకుమించి అచట నేమియు లేదు. దున్నువాడును లేడు, కాపురముండువాడును లేడు. ఈ బీళ్లకు మనవారు వెంచరులని పేరిడినారు.

ఇండ్లు కట్టవలదని మేమనుట లేదు. జనము పెరిగినచోట ఊరు పెరుగకుండునా? ఒక్క కప్పు క్రింద మూడు కాపురములు తలదాచుకొను వాడలు మన పల్లెలలో నేటికిని గలవు. మేమడుగునది వేరు. ఊరు ఏ దిక్కునకు పెరుగవలెను, ఏ చేనును విడువవలెను, ఏ కాలువగట్టును ముట్టరాదు అను నిర్ణయము చేయుచున్నదెవరు? గ్రామసభయా? కాదు. పంచాయతీయా? కాదు. ముందుగా బయానా ఇచ్చినవాడు చేయుచున్నాడు. అతడు రాళ్లు పాతిన పిమ్మట ఊరివారికి తెలియును. కాగితములు వచ్చిన పిమ్మట పంచాయతీకి తెలియును. తొలివాన కురిసి వీధులలో మోకాలిలోతు నీరు నిలిచిన పిమ్మట పై యధికారులకు తెలియును.

చట్టములు లేకపోలేదు. 2002లో గ్రామపంచాయతీ లేఅవుట్ల నియమములు వచ్చినవి. దారి వెడల్పింత యుండవలెను, ఖాళీస్థల మింత విడువవలెను, దానిని పంచాయతీ కప్పగింపవలెనని యందు వ్రాసిరి. 2006లో సాగుభూమిని ఇతరోపయోగములకు మార్చుటకు వేరొక చట్టము చేసిరి. దరఖాస్తు పెట్టుకొనుట, రుసుము చెల్లించుట, రెవెన్యూ అధికారి ఉత్తరువు పుచ్చుకొనుట, ఇంతియే దాని నడక. ఆ చేనును మెరక చేసినచో ఎగువరైతు మురుగు ఎటు పోవలెను? దిగువ చెరువునకు వాననీరు ఏ త్రోవను రావలెను? ఈ ప్రశ్నలడుగుటకు ఆ చట్టమున గ్రామసభకు చోటు కల్పింపలేదు. అనుమతి నిచ్చువాడు తనముందున్న ఒక్క సర్వే నంబరునే చూచును. అట్టి నంబర్లు నలువది చేరి ఊరి రూపునే మార్చివేసినను, మొత్తమును చూచువాడు ఒక్కడును లేడు. నీరు మాత్రము సర్వే నంబర్లు చదువుకొని పారదు.

ఇక నియమములను మీరినవారి గతి యేమి? 2007 డిసెంబరు 31వ తేదీన ఉమ్మడిరాష్ట్ర ప్రభుత్వము అనుమతిలేని లేఅవుట్లను క్రమబద్ధము చేయుటకు ఉత్తరువిచ్చెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము మరల ఆ తలుపు తెరచెను. 2020లో ఇరురాష్ట్రములును తెరచినవి. ఆ యేట తెలంగాణములో వచ్చిన దరఖాస్తులు 25 లక్షలకు పైబడినవి. వానిలో పదిలక్షలకు మించినవి గ్రామపంచాయతీలలోనివే. పదిలక్షల ప్లాట్లు! ఇన్నింటికి రాళ్లు పాతుచుండగా మూతబడియున్న సర్కారు కన్నులు రుసుము వసూలువేళకు విచ్చుకొనినవి. నియమము ననుసరించి ఖాళీస్థలము విడిచిన వర్తకుడు వెర్రివాడైనాడు, విడువనివాడు తెలివిమంతుడైనాడు. ఆ రుసుము కట్టవలసినదెవరు? రాళ్లు పాతినవాడు కాదు, వాడెన్నడో లాభము మూటగట్టుకొని వేరొక యూరికి పోయినాడు. కూతురి పెండ్లికి అక్కరకు వచ్చునని నూరు గజములు కొనిన బడిపంతులు కట్టవలెను. గల్ఫుదేశముల యెండలో మాడి రూకలు పంపిన కూలివాడు కట్టవలెను.

రైతు తన భూమిని తానమ్ముకొనరాదా యని కొందరు మామీద కన్నెఱ్ఱజేయుదురు. సేద్యము గిట్టక, అప్పు తీరక అమ్ముకొను రైతును మేము తప్పుపట్టము. అతనిచేత అమ్మించుచున్నది ధాన్యపుధర. కాని భూమి అతనిదైనను దానిమీదుగా పారు నీరు ఊరిది. దానిగట్టున నడచు బాట ఊరిది. ఇవి యతడు అమ్మలేదు, వర్తకుడు కొనలేదు. ఏ దస్తావేజులోను లేని యీ యాస్తి ఏ కాలువలో పూడ్చబడినదో వారిరువురును చెప్పవలెను.

పేదవానికి ఇల్లెట్లు వచ్చునని నిలదీయువారికి మా జవాబు కొంచెము దీర్ఘమైనది. 2020 డిసెంబరు 25వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 30 లక్షలకు పైగా ఇండ్లస్థలముల పట్టాలను స్త్రీల పేర పంచుటకు పూనుకొనెను. ఆ సంకల్పమును మేము తక్కువచేయము. కాని పల్లెలో నిచ్చినదెంత? సెంటున్నర, అనగా డెబ్బదిరెండు గజములు. గేదె నెక్కడ కట్టవలెను? గడ్డివామి ఎక్కడ వేయవలెను? మగ్గపుగుంట ఎక్కడ త్రవ్వవలెను? పల్లెవాని ఇల్లు పండుకొనుటకే కాదు, పనిచేసికొని బ్రదుకుటకును గదా! పట్టణపు గదిని కొలుచు టేపుతో పల్లెబ్రదుకును కొలిచినారు. 2024లో ప్రభుత్వము మారినపిమ్మట పల్లెలలో మూడు సెంట్లనిరి. కొలత పెరిగినందుకు సంతోషమే. చోటి మాట యేమి? రాజమహేంద్రవరమునకు చేరువనున్న బూరుగుపూడి ఆవభూములను ఇండ్లస్థలములకై సేకరింపబూనగా ఆ తగవు 2020లో హైకోర్టు కెక్కెను. గోదావరిసీమలో ఆవ యనగా నీరునిలుచు పల్లపునేలయని పశువులకాపరి నడిగినను చెప్పును. రాజధానిలో కూర్చుండి పటములు గీయువారికి ఆ మాట చెప్పువాడు లేకపోయెను, లేక చెప్పినను వినువాడు లేకపోయెను. దళితవాడలు ఊరికి వెలుపల పల్లములలో నుండుట పూర్వులు చేసిన పాపము. సర్కారు కాలనీలు మరల అట్టిచోటులనే వెలయుట మనము చేయుచున్న పాపము.

ఊరి యుమ్మడిభూముల కథ ఇంతకంటె విచిత్రమైనది. 1994 పంచాయతీరాజ్ చట్టపు 58వ సెక్షను మేతబీళ్లను, కళ్లములను, శ్మశానములను, పశువుల మందబయళ్లను, బండిదారులను, తోపులను పంచాయతీకి దత్తము చేసినది. చదువుటకు కన్నులపండువుగా నున్నది. మరుక్షణముననే, ప్రజోపయోగమునకై ప్రభుత్వము కోరినచో ప్రకటనచేసి వానిని తిరిగి పుచ్చుకొనవచ్చునని అదే సెక్షను చెప్పుచున్నది. పెండ్లిపీటలమీద పెట్టిన నగను అప్పగింతలనాడు అడిగి తీసికొనునట్టి పుట్టింటివారిని మేమిదివరకు చూడలేదు! చెరువుల సంగతి సుప్రీముకోర్టే తేల్చినది. పంజాబులో పాటియాలాజిల్లా పల్లెయొకదానిలో చెరువును పూడ్చి ఇండ్లు కట్టికొనిన జగపాల్ సింగ్ వ్యాజ్యమున 2011 జనవరిలో వెలువడిన తీర్పు ఊరి యుమ్మడిభూముల ఆక్రమణలను తొలగించు పథకములు వేయుడని రాష్ట్రములన్నిటికి ఆనతిచ్చెను. ఎంతకాలముగా నున్నామనుగాని, ఎంత ధనము పోసి కట్టితిమనుగాని సాకు చెల్లదనెను; భూమిలేని పేదలకు ప్రభుత్వమే యిచ్చిన తావులవంటి కొలదివానికే మినహాయింపనెను. ఆ తీర్పు వచ్చి యిన్నియేండ్లైనను, చెరువు శిఖములో వెంచరుకమాను లేచుచున్నప్పుడు దానినుదహరించి నిలిపివేసిన తహశీలుదారులను వ్రేళ్లమీద లెక్కింపవలసియున్నది.

ఇది ఆంధ్రులకు క్రొత్త పోరాటము కాదు. చీరాల పేరాలలను కలిపి పురపాలకసంఘముగా చేసి, ఆ పేర పన్నుల బరువు మోపినప్పుడు ఆ గ్రామీణులేమి చేసిరి? 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై పదునైదువేల జనాభాగల యూరు ఊరంతయు ఇండ్లు విడిచి, ఎల్లకావల పాకలు వేసికొని రామనగరమును కట్టుకొనినది. నాయకుని చెరసాలలో పెట్టినను సుమారు పదునొకండు నెలలు ఎండకును వానకును ఓర్చి నిలిచినది. ఆ సాహసమును మనవారు పన్నుల సమ్మెగానే తలచుకొందురు. మేమందులో ఇంకొకటి చూచుచున్నాము: ఊరెక్కడ నుండవలెనో, ఎట్లుండవలెనో తామే నిర్ణయింతుమని జనులు చాటిన దినములవి. పరాయిప్రభుత్వము ఊరికి పై నుండి పేరుపెట్టి పన్నువేసినది. నేటి స్వప్రభుత్వము వర్తకుని కాగితమునకు పై నుండి ముద్ర వేయుచున్నది.

ఈ యధికారము పల్లెలకు ఈయరాదని రాజ్యాంగమున నెచ్చటను లేదు. 73వ సవరణ 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చినది. పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో గ్రామీణగృహనిర్మాణము పదియవది. కేరళములో 2008లో వరిపొలముల రక్షణకై చేసిన చట్టమున, పంచాయతీ అధ్యక్షుడు పెద్దగా, వరిరైతుల ప్రతినిధులు సభ్యులుగా స్థానికసంఘమును నియమించిరి. ఏ పొలము వరిపొలమో ఊరూర పట్టిక వ్రాయించిరి. తరువాతి సవరణలు దాని పదును కొంత తగ్గించిన మాట నిజమే. అయినను పట్టికయనునది యొకటి పుట్టినది. మన ప్రభుత్వములకట్టి తీరిక యేది? 2020లో ఆంధ్రప్రదేశమున పునఃసర్వే ప్రారంభించినవారు హద్దురాళ్లపై ముఖ్యమంత్రి బొమ్మను చెక్కించిరి. 2024లో వచ్చినవారు దానిని చెరిపింపబూనిరి. రాతిమీది బొమ్మకు పడిన పాటులో పదవవంతు రాతిక్రింది నేలకు పడియుండిన ఎంత బాగుండెడిది!

కావున మేము కోరునది యిది. ప్రతి పంచాయతీయు తన యూరిపటమున ఇండ్లకు తగిన మెరకయేదో, సాగునకు విడువవలసిన పొలమేదో, ముట్టరాని చెరువులు, వాగులు, పుంతలు, డొంకలు ఏవో గీయింపవలెను. గ్రామసభ యంగీకరించిన ఆ పటమునకు వెలుపల ఏ యధికారియు భూమిమార్పిడికి అనుమతి నీయరాదని శాసనసభలు చట్టము చేయవలెను. అందు మొదటి మెరక ఇల్లులేనివారికి చెందవలెను, మిగిలినదియే వర్తకునకు. సర్పంచులే వర్తకులతో చేయికలిపినచో నేమిగతి యని యడుగువారు గలరు. చేయికలుపువారు నేడును గలరు, చీకటిలో కలుపుచున్నారు. సభలో పటమువిప్పి మాటాడవలసివచ్చినచో ఆ చేతులు పదిమందికి కనబడును.

శాసనసభలకొరకు వేచియుండనక్కరలేదు. రాబోవు గ్రామసభకు ముందే మన పాఠకులు తమ యూరి రెవెన్యూపటమును, పోరంబోకుల జాబితాను సమాచారహక్కు చట్టము ననుసరించి కోరవలెను. ముప్పదిదినములలో బదులీయక తప్పదు. ఆ పటమున చెరువు ఎంతయున్నదో చూచుకొని, గట్టుమీద నిలిచి ఎంత మిగిలినదో చూడుడు. ఆ తేడాను సభలో తీర్మానముగా వ్రాయించి, ఒక నకలు కలెక్టరునకును ఒక నకలు మాకును పంపుడు. ఊరిపేరుతోను సర్వే నంబరుతోను ప్రకటింతుము.