గంజికి చాక్లెట్ అని పేరు పెట్టకండి!

ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ నేను వంట నేర్పడానికి రాలేదు. పోట్లాటకి వచ్చాను. పోట్లాట మధ్యలో వంట కూడా కాస్త వస్తుంది. అది మీ అదృష్టం.

ఎవరితో పోట్లాటంటారా? పాలల్లో రెండు చెంచాల డబ్బా పొడి వేసి, అది చాలక మొక్కజొన్నపిండి కలిపి, గరిటెజారుగా ఉడికించి, పైన ఇంత మీగడ పోసి, "ఇదేనండీ ఫ్రెంచి హాట్ చాక్లెట్" అని ట్రేలో పెట్టి అందించేవాళ్ళందరితోనూ. నాకు గంజి మీద కక్ష ఏమీ లేదు. జ్వరం వచ్చినప్పుడు గంజిని మించింది లేదు. రాగిజావ గొప్పదే. కాని రాగిజావని రాగిజావ అనే తాగుతున్నాం గాని, యాలకులపొడి చల్లి బాసుంది అనడం లేదు కదా?

ఆమధ్య హైదరాబాదులో ఓ పెద్ద హోటలుకి వెళ్తే, మెనూ కార్డులో ఈ పేరు కనబడి తెప్పించుకున్నాను. వచ్చింది. చెంచా వేస్తే నిలబడింది. నోట్లో పెట్టుకుంటే చంటిపిల్లల ఉగ్గులా నాలిక్కి అతుక్కుంది. "ఇందులో చాక్లెట్ ఎంతుంది నాయనా?" అని అడిగాను. ఆ కుర్రాడు ఆశ్చర్యంగా చూసి, "చిక్కగానే ఉంది కదా మేడమ్!" అన్నాడు. వాణ్ణి నేనేమీ అనలేదు. వాడేం చేస్తాడు పాపం! కాని ఆ జవాబుంది చూశారూ, నా తగువంతా దానితోనే. చిక్కగా ఉంటే చాలా?

చిక్కదనం రెండు రకాలు. లోపల సరుకుండి చిక్కబడేది ఒకటి, సరుకు లేక చిక్కబరిచేది ఇంకొకటి. ఈ తేడా మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పప్పు తగ్గించి బియ్యప్పిండి కలిపిన సాంబారుని మొదటి ముద్దలోనే పట్టేస్తాం. పాలు మరిగించే ఓపిక లేక పిండి కలిపిన పాలకోవాని వాసనతో చెప్పేస్తాం. ఇంత నాలిక ఉన్నవాళ్ళం, ఫ్రెంచి పేరు వినగానే ఎందుకు నోరు మూసుకోవాలి?

అసలు సంగతి తెలియాలంటే కోకో గింజ దగ్గరికి వెళ్ళాలి. గింజలో దాదాపు సగం కొవ్వే. కోకో వెన్న అంటారు దాన్ని. గింజని పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరితే ఆ కొవ్వుతో సహా ముద్దవుతుంది. శతాబ్దాల తరబడి లోకం తాగిన చాక్లెట్ అదే. 1828లో హాలెండులో వాన్ హౌటెన్ కుటుంబంవాళ్ళు ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. ఆ యంత్రం గింజల ముద్దని అదిమి కొవ్వు చాలామట్టుకు పిండేస్తుంది. మిగిలిన చెక్కని పొడి చేస్తే కోకో పొడి. అంటే ఏమిటన్నమాట? నువ్వుల్లోంచి నూనె తీసేశాక మిగిలే తెలకపిండికి అన్నగారు. తెలకపిండి కూర నాకూ ఇష్టమే. కాని తెలకపిండి ముద్దచేసి నువ్వుండ అని పెడితే ఊరుకుంటామా? కోకో పొడితో కోకో చేసుకోండి, కోకో అనే పిలవండి, దానికి నా అభ్యంతరం లేదు. అందులో పంచదార కలిపి డబ్బాలకెత్తింది ఇంకొక మెట్టు కింద. ఈసారి డబ్బా కొన్నప్పుడు వెనక్కి తిప్పి చదవండి. మన దేశంలో చట్టప్రకారం ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలి. చాలా డబ్బాల మీద మొదటి పేరు పంచదారే!

ఫ్రెంచివాళ్ళ పద్ధతిలో ఉన్న రహస్యం ఒక్కటే. వాళ్ళు పొడి కలపరు. చాక్లెట్ పలకనే కరిగిస్తారు. వెన్నతో సహా గింజంతా కప్పులోకి వస్తుంది. 1755లో మెనోన్ అనే ఆయన వేసిన వంటల పుస్తకంలో ఉంది చూడండి, ఎన్ని కప్పులు కావాలో అన్ని చాక్లెట్ పలకలు, అన్ని కప్పుల నీళ్ళు, నాలుగు కప్పులకి ఒక గుడ్డు పచ్చసొన. సన్నసెగ మీద తిప్పాలి. ముందురోజే చేసిపెడితే మరీ మంచిదని కూడా అంటాడు. పిండి మాటే లేదు. ఆ కాలపు రాజు పదిహేనో లూయీకి చాక్లెట్ అంటే ప్రాణమట. వెర్సాయి కోటలో తన సొంత గదుల్లో తనే స్వయంగా చేసుకునేవాడట. వినండి, దేశాన్నేలే మహారాజు గరిటె పట్టుకున్నాడు! మన ఇళ్ళలో ఏ దేశాన్నీ ఏలని మహారాజులకి మాత్రం గ్యాసు వెలిగించడం రాదు.

పారిస్‌లో రివోలీ వీధిలో ఆంజెలీనా అనే టీ దుకాణం ఉంది. 1903లో పెట్టారు. ఇప్పటికీ చిన్న కూజాలో చిక్కటి చాక్లెట్, పక్కన వేరే గిన్నెలో గిలక్కొట్టిన మీగడ పెట్టి ఇస్తారు. దాన్ని పెట్టినాయన ఆస్ట్రియా దేశస్థుడు, పేరు రుంపెల్‌మయర్. దుకాణానికి తన కోడలి పేరు పెట్టుకున్నాడు. మన మామగార్లు కూడా ఈ కబురు చదివితే బాగుండును!

ఇంకో విచిత్రం చెప్పనా? పాతకాలం ఫ్రెంచి చాక్లెట్ కూజా మూతకి మధ్యలో ఒక కన్నం ఉంటుంది. అందులోంచి ఒక కొయ్యపుల్ల దింపి, రెండు అరచేతుల మధ్యా గిరగిరా తిప్పేవారు, నురగ రావడానికి. ఆ పుల్లని చూస్తే మీరు చప్పున గుర్తుపడతారు. మన కవ్వమే! అటకమీద ఉందో, అమ్మమ్మగారింట్లో ఉందో, తీసి కడగండి.

ఇక చెయ్యడం. 65 నుంచి 70 శాతం కోకో అని రాసి ఉన్న నల్ల చాక్లెట్ 140 గ్రాములు తీసుకోండి. కొనేముందు అట్ట వెనక చదవాలి. కోకో వెన్న అని ఉండాలి. "కాంపౌండ్" అని ఉంటే అక్కడే పెట్టేసి రండి, అందులో కోకో వెన్న బదులు వేరే నూనెల కొవ్వు వాడతారు. చాక్లెట్‌ని కత్తిపీటమీద సన్నగా తరగండి, కొబ్బరికోరంత సన్నగా. అర లీటరు చిక్కటి పాలు కాచండి. గిన్నె అంచున చిన్న చిన్న బుడగలు రాగానే దింపేసి, తరిగిన చాక్లెట్ పోసి ఒక్క నిమిషం కదపకుండా ఉంచండి. అప్పుడు కవ్వంతో చిలకండి. రెండు చిన్న చెంచాల పంచదార, ఒక చిటికెడు ఉప్పు వేసి, మళ్ళీ సన్నసెగ మీద పెట్టి మూడు నాలుగు నిమిషాలు అడుగంటకుండా కలుపుతూనే ఉండండి. తెర్లనివ్వద్దు. దించి పది నిమిషాలు ఆగితే అదే చిక్కబడుతుంది. కోకో గింజలోనే దానికి కావలసినంత పిండిపదార్థం ఉంది తల్లీ, పైనించి అప్పు తేనక్కర్లేదు. నాలుగు చిన్న కప్పులు వస్తాయి. చిన్న కప్పులే, మంచినీళ్ళ గ్లాసులు కావు. మిగిలిస్తే మర్నాడు మెల్లిగా వేడిచేసి మళ్ళీ చిలకండి. ఇంకా బాగుంటుంది.

మీగడ పొయ్యాలా అని అడుగుతారు. మన ఫుల్‌క్రీమ్ పాలల్లో నూటికి 6 పాళ్ళు వెన్న ఉంటుంది. ఫ్రెంచివాళ్ళ పాలల్లో మూడున్నర. కాబట్టి ఈ విషయంలో వాళ్ళే మన దగ్గరికి రావాలి.

ఇప్పుడు నాతో వాదించేవాళ్ళ సంగతి చూద్దాం. "ఫ్రాన్సులోనూ పిండి కలిపేవాళ్ళున్నారు, ఇటలీలో మరీనూ" అంటారు కాస్త లోకం చూసినవాళ్ళు. ఉన్నారు, కాదనను. వాళ్ళు నిండా చాక్లెట్ వేసి, ఆపైన చిటికెడు పిండి వేస్తారు. మనవాళ్ళు చాక్లెట్ బదులు పిండి వేస్తారు. తిలకానికీ పౌడరుకీ ఉన్నంత తేడా ఉంది.

"మనకెందుకీ విదేశీ వేషాలు?" అంటారు ఇంకొందరు, పొద్దున్నే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని! కాఫీ ఎక్కడిదండీ? ఆవకాయలో వేసే మిరపకాయ ఎక్కడిది? కోకో పుట్టిన అమెరికా ఖండం నుంచే వచ్చింది. అక్కడివాళ్ళు పూర్వం చాక్లెట్‌లో మిరపకాయ కలుపుకు తాగేవారు కూడా. అక్కా చెల్లెళ్ళు అవి రెండూ. ఒకదాన్ని ఇంట్లో పెట్టుకుని రెండోదాన్ని వీధిలో నిలబెట్టడం ఏం న్యాయం? అదీగాక ఇవాళ మన దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రాలోనే. గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటల నీడనా, ఆయిల్‌పామ్ తోటల్లోనూ కాస్తోంది. 2024 డిసెంబరులో ప్రపంచ బజారులో కోకో ధర టన్ను 12,000 డాలర్లు దాటింది. మరుసటి సంవత్సరమే ఏలూరు వైపు రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కవలసి వచ్చింది. చాక్లెట్ పేరుతో పంచదారా పిండీ అమ్ముకునే వ్యాపారంలో ఆ రైతుకి దక్కేదేమిటి? గింజ ఎక్కువుండాలని అడిగే నాలికలు పెరిగితే గింజకి గౌరవం పెరుగుతుంది.

"ఖర్చు" అంటారు. నిజమే, చవక కాదు. అంచేతనే రోజూ చెయ్యమనడం లేదు. డబ్బా పొడి నెలకి ముప్ఫై రోజులు తాగేబదులు, అసలైనది నెలకి ఒక్కసారి తాగండి. "ఆరోగ్యం" అంటారు. ఇది మందు కాదు, బలం టానిక్ కాదు, కొవ్వూ తీపీ ఉన్న వస్తువు. షుగరు ఉన్నవాళ్ళు డాక్టరు మాట వినాల్సిందే. కాని ఒక్క మాట అడుగుతాను. ఆడది ఇష్టపడి ఏదైనా నోట్లో పెట్టుకుంటే చాలు, అందులో లాభం ఏమిటో చెప్పమని లోకం ఎందుకు నిలదీస్తుంది?

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1671లో ఫ్రాన్సులో మదామ్ ద సెవీన్యే అనే ఆవిడ, ఉత్తరాలు రాయడంలో పేరున్న మనిషి, తన కూతురికి మొదట చాక్లెట్ తాగమని రాసింది. కొన్నాళ్ళకి వద్దని రాసింది. ఆ ఏడే, ఒక గొప్పింటావిడ కడుపుతో ఉండగా చాక్లెట్ తెగ తాగినందుకు నల్లటి బిడ్డ పుట్టి చనిపోయిందని రాసింది. అప్పటికి ఆ కూతురు గర్భిణి! నవ్వకండి. కడుపుతో ఉన్న కోడలికి బిడ్డ తెల్లగా పుట్టాలని కుంకుమపువ్వు పాలు పట్టించే ఇళ్ళు మన వీధిలో ఎన్ని లేవు? అక్కడ చాక్లెట్ మానిపిస్తారు, ఇక్కడ కుంకుమపువ్వు తాగిస్తారు. రెండుచోట్లా ఆవిడకి ఏం కావాలో అడిగినవాళ్ళు లేరు.

నా అసలు పోట్లాట ఇక్కడుంది. మనింట్లో మొదటి డికాషన్ ఎవరికి? మామగారికీ, ఆయనకీ. రెండో డికాషన్ మనకి. మీగడ తరక పిల్లవాడికి, అడుగు మజ్జిగ మనకి. అందరి భోజనాలయ్యాక మిగిలిన కూరలో చారు కలుపుకుని, "నాకిదే ఇష్టం" అని మనమే అంటాం. పెట్టేవాళ్ళు పెట్టడం మానేసినా, మనమే మనకి పల్చటిది పోసుకోవడం అలవాటు చేసుకున్నాం. పల్చగా ఉందని ఎవరైనా అంటే పిండి కలిపి చిక్కబరుస్తాం. బయటికి చిక్కగానే కనిపిస్తుంది, ఇంకేం కావాలి? ఉత్తుత్తి చిక్కదనానికి ఇంత సులువుగా ఒప్పుకుంటున్నామంటే, అది ఒక్క చాక్లెట్‌తో ఆగే విషయం కాదు. కప్పులో ఒప్పుకున్నవాళ్ళం కాపరంలోనూ ఒప్పుకుంటాం, జీతంలోనూ ఒప్పుకుంటాం.

"ఇది పిల్లలు తాగేది కదా, మనకెందుకు" అని మాత్రం అనకండి. 70 శాతం చాక్లెట్ చేదుగా ఉంటుంది, దాని రుచి తెలియడానికి కాస్త వయసు రావాలి. పిల్లలకి కావాలంటే ఒక చెంచా పంచదార ఎక్కువ వేసి ఇవ్వండి.

చివరికి నేను కోరేది పెద్ద విప్లవం ఏమీ కాదు. డబ్బా వెనక చదవండి. హోటల్లో అడగండి, గొంతు తగ్గించకుండా. నాలుగు కప్పులు చేసినరోజున మొదటి కప్పు మీరు పోసుకోండి. పొయ్యి దగ్గర నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని, వేడి తగ్గకముందే. మిగిలిన ముగ్గురూ కాసేపు ఆగితే వాళ్ళకేం నష్టం లేదు. ఆగినకొద్దీ చిక్కబడుతుందని ఇందాకే చెప్పాను కదా!