మెట్టు తెలిస్తే చాలదా?

గిటారు నేర్పేవారిలో చాలామందిది ఒకటే వరుస: మొదట వేళ్ళకు కార్డులు, నాలుగు పాటలు, శాస్త్రం ఎప్పుడో, ‘పై స్థాయి’కి వెళ్ళాక. ఈ విభజన నాకు ఏనాడూ రుచించలేదు.

ఎఫ్ మేజర్ దగ్గరే ఎందరో గిటారును గోడకు తగిలిస్తారు. చూపుడువేలు ఒక్కటే ఆరు తీగలనూ అదిమిపట్టాలి. తల దగ్గరి మొదటి మెట్టులో అది మరీ కష్టం. “సాధన చెయ్యి, అదే వస్తుంది” అంటారు. అది తనకు తెలిసిన ఇ మేజర్ ఆకారమే, ఒక మెట్టు ముందుకు జరిగిందంతే అని శిష్యుడికి చెప్పరేం? అదే ఆకారం మూడో మెట్టులో జి, ఐదో మెట్టులో ఎ. అయిదు దగ్గర వేలు కుదిరాక మెల్లగా ఒకటికి దిగిరావచ్చు. మెట్టుకొక స్వరస్థానం, పన్నెండో మెట్టుకు తంత్రి సగమై తారస్థాయి పలుకుతుంది. శాస్త్రమంటే ఇదే కదా! మన సరళీ వరుసల్లో వేలినీ స్వరాన్నీ ఎవరు విడదీశారు?

పై స్థాయివారికీ వేళ్ళ బాధ తప్పదు లెండి. రెండో, మూడో తీగల మధ్య దూరం మిగతా జతలకన్నా ఒక స్వరస్థానం తక్కువ. కారణం కంఠస్థమే, అయినా నా వేళ్ళు ఇప్పటికీ అక్కడే తడబడతాయి.