రానివాళ్ల లెక్క

ఉగాండాకి నైరుతి మూలన ఎంబరారా అనే పట్టణం ఉంది. అక్కడి హెచ్ఐవీ క్లినిక్‌లో 2004 నుంచి 2007 సెప్టెంబరు దాకా ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టినవాళ్లు 3,628 మంది. వాళ్లలో 829 మంది కొన్నాళ్లకి రావడం మానేశారు. ఉన్నారో పోయారో రిజిస్టరులో లేదు.

మరి మందులు వాడినవాళ్లలో ఎందరు బతికారో చెప్పేదెలా? దానికో పద్ధతుంది. 1958లో కప్లాన్, మేయర్ అనే ఇద్దరు అమెరికన్లు చెప్పింది. మనిషి కనిపించినన్నాళ్లూ లెక్కలో ఉంచుతారు. ఆనక తీసేస్తారు. చక్కటి పద్ధతే కానీ, రాకుండా పోయినవాళ్ల గతి వస్తున్నవాళ్ల గతిలాగే ఉందనుకుంటేనే అది చెల్లుతుంది. ఊరు మారినవాడూ, మంచం దిగలేనివాడూ ఈ లెక్కకి ఒకటే!

ఆ ప్రకారం ఎంబరారాలో మొదటి ఏడాది చనిపోయింది నూటికి 1.7 మంది. నిధులిచ్చేవాళ్లకి చూపించుకోవడానికి ముచ్చటైన అంకె. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన డాక్టర్ ఎల్విన్ గెంగ్, అక్కడి పరిశోధకులు దాన్ని నమ్మలేదు. అలాగని 829 మందినీ వెతకాలంటే అయ్యే పనా? 128 మందిని ఎంచుకుని, వాళ్లకోసం ఊళ్లమీదికి మనిషిని పంపారు. రోగి దొరక్కపోతే దగ్గరివాళ్లని వాకబు చేశారు. 111 మంది సంగతి తెలిసింది. అందులో 32 మంది అప్పటికే చనిపోయారు.

దొరికిన ఒక్కొక్కరినీ దొరకని మరికొందరికి బదులుగా లెక్కలో వేసి మళ్లీ కట్టారు. 1.7 కాస్తా 7.5 అయింది. నాలుగు రెట్లకి పైమాటే. 2008లో 'జామా' వైద్య పత్రికలో ఇది అచ్చయింది. అంకె చిన్నదిగా ఉన్నన్నాళ్లూ, మందులు మొదలెట్టిన కొత్తలోనే మనుషులు ఎందుకు పోతున్నారని అడిగే అవసరం ఎవరికీ రాదు కదా.

బతికున్నవాళ్ల కథ వేరు. నేరుగా మాట్లాడగలిగినవాళ్లలో ఎక్కువమంది మరో క్లినిక్‌లో చూపించుకుంటున్నారు. దూరాభారం, దారి ఖర్చులు పడలేక ఇటు మానేశారు. ఈ రిజిస్టరు దృష్టిలో మాత్రం వాళ్లు వైద్యం వదిలేసినవాళ్లు!

ఇక ఆ 128 మందిలో 17 మంది జాడ ఎంత వెతికినా దొరకలేదు. వాళ్లూ దొరికిన 111 మందిలాంటివాళ్లేనని అనుకుని లెక్క ముగించారు.