అందరి కాపలా... చూసేదెవరు?

బిట్‌కాయిన్‌కు ప్రభుత్వం పూచీ లేదు, బ్యాంకు పూచీ లేదు. దాన్ని నడిపేది ఒక కంప్యూటర్ ప్రోగ్రాం. దాని రాతను ఎవరైనా చదవవచ్చు, తప్పులు పట్టవచ్చు. కొత్త ప్రోగ్రాం విడుదలకు ముందు ముసాయిదాను బయటపెడతారు. ఆసక్తి గలవారు దాన్ని తమ కంప్యూటర్లలో ఎక్కించి, విలువ లేని పరీక్ష నాణేలతో చెల్లింపులు జరిపి చూస్తారు. వారిలో చాలామందికి కూలి ముట్టదు.

తప్పు చిన్నదైనా ముప్పు పెద్దది. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించరాదన్నది బిట్‌కాయిన్ నియమం. 2010 ఆగస్టు 15న కూడికలో ఉన్న లోపాన్ని వాడుకుని ఎవరో ఏకంగా 18,400 కోట్లకు పైగా నాణేలు పుట్టించారు. కొద్ది గంటల్లోనే ప్రోగ్రాంను సవరించి, వాటిని చెల్లకుండా చేశారు.

రెండో గండం నిశ్శబ్దంగా వచ్చింది. ఒకే నాణెం రెండుసార్లు ఖర్చు కాకుండా చూసే తనిఖీల్లో ఒకటి అనవసరమని తలచి, వేగం కోసం తీసేశారు. ఆ మార్పుతో 2017లో ప్రోగ్రాం విడుదలైంది. దాదాపు ఏడాదిన్నర పాటు లోపం ఎవరి కంటా పడలేదు. చివరకు 2018 సెప్టెంబరులో దాన్ని పట్టుకున్నది పోటీ నాణెమైన బిట్‌కాయిన్ క్యాష్ తరఫున పనిచేసే ప్రోగ్రామర్. ఆయన గుట్టుగా కబురు చేయగా, మరునాడే సవరణ వెలువడింది.

పదిమంది చేరితే పాము చావదంటారు. ఇక్కడా అంతే. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన అందరూ లోపలికి వెళ్లి చూశారనుకోరాదు. ఈ నాణేలతో వ్యాపారం చేసే సంస్థలు కొన్ని ప్రోగ్రాం రాసేవారికి డబ్బు ఇస్తున్నాయి. తప్పులు వెతికేవారికీ కూలి కట్టి ఇస్తేనే కాపలా నిలుస్తుంది.