జర్మను భాష - మన విద్యార్థులు

విశాఖలో జర్మను ప్రారంభించిన మన విద్యార్థులు పలువురు తొలి ధ్రువపత్రముతోనే విరమించుచున్నారు. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందుటకు సాధారణముగా బి2 స్థాయి కావలెను, ఎ1 చాలదు.

మధ్యమస్థాయి వ్యాకరణము కఠినమని వారు భయపడుచున్నారు. మేము అంగీకరింపజాలము. 'వైల్' (ఎందుకనగా) అను మాటతో మొదలగు ఉపవాక్యమున జర్మను క్రియ చివరికి పోవును. ఆంగ్లము ద్వారా నేర్చువారికిది వింత. తెలుగు, ఉర్దూలలో క్రియ స్థానమే అది! వస్తువులకు లింగభేదమా యని తెలుగువారు బెదరవచ్చును గాని, కితాబును స్త్రీలింగముగా పలుకు ఉర్దూ విద్యార్థికి అందు కొత్త యేమి? (ఏ మాటకు ఏ లింగమో మాత్రము కంఠస్థము చేయవలసినదే.)

ఉర్దూ మహాకవి ఇక్బాల్ 1907లో హైడెల్బర్గున జర్మను నేర్చెను. హైదరాబాదున జన్మించిన జాకిర్ హుస్సేన్ 1926లో బెర్లినున డాక్టరేటు పొందెను. మధ్యమస్థాయి తరగతిని తెలుగు, ఉర్దూల ద్వారా బోధించుటకు ఒక్క యేడు అవకాశమీయుడని కమిటీవారిని కోరుచున్నాము.