బంట్ల లెక్కతో భయపెట్టకండి

చదరంగంలో బంట్లు ఎన్ని రకాలుగా నిలబడగలవు? చాలామంది ఇలా చెప్తారు: బంటు నిలబడే గళ్ళు 48. ప్రతి గడిలో తెల్ల బంటు ఉండొచ్చు, నల్ల బంటు ఉండొచ్చు, లేదా ఖాళీ. కాబట్టి 3ని 48 సార్లు వేసి గుణించండి. దాదాపు 8 పక్కన 22 సున్నాలు. "చూశారా, ఇది ఎవరికీ అంతుపట్టదు!" అని ముగిస్తారు.

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది లెక్క కాదు, బెదిరింపు. 48 గళ్ళలోనూ తెల్ల బంట్లే ఉన్న బల్ల కూడా ఇందులో ఉంది. ఒక్కొక్కరికి ఉన్నవి 8 బంట్లే కదా! ఆ ఒక్క నియమం పెట్టండి. సుమారు 5 పక్కన 16 సున్నాలకి దిగుతుంది.

అందులోనూ దొంగ సరుకు ఉంది. తెల్ల బంట్లు ఏ2, బీ2, ఏ3లో ఉన్నాయనుకోండి. ఏ3లో ఉన్నది ఎక్కడి నుంచి వచ్చింది? ఏ2 నుంచి, లేదా బీ2 నుంచి రావాలి. ఆ రెండు బంట్లూ ఇంకా కదలనే లేదు. బంటు వెనక్కి నడవదు. కాబట్టి నిజం ఆటలో ఇది ఎప్పటికీ రాదు.

ఇప్పుడు నిదానంగా లెక్కపెడదాం. బంట్లు దేన్నీ చంపకుండా తమ నిలువు వరుసలోనే నడిచాయి అనుకుందాం. ఒక వరుసలో వాటికి 6 గళ్ళు. తెల్లది కింద, నల్లది పైన, రెండూ ఉంటే 15 రకాలు. తెల్లది ఒక్కటే ఉంటే 6, నల్లది ఒక్కటే ఉంటే 6, రెండూ పోతే 1. మొత్తం 28. వరుసలు 8. 28ని 8 సార్లు వేసి గుణిస్తే సుమారు 37,780 కోట్లు. బంట్లు చంపుతూ పక్క వరుసకి వెళ్తే ఇంకా పెరుగుతుంది. అసలు జవాబు ఈ అంకెకీ, ఆ 16 సున్నాల అంకెకీ మధ్య ఉంటుంది.

"అదీ పెద్దదేగా?" అంటారా? పెద్దదే. కానీ ఆడేవాళ్ళు అవన్నీ నేర్చుకోరు. మళ్ళీ మళ్ళీ వచ్చే కొన్ని అమరికలు నేర్చుకుంటారు. కార్ల్స్‌బాడ్ అనేది ఒకటి: డీ4లో తెల్ల బంటు, డీ5లో నల్ల బంటు, తెల్లకి సీ బంటు లేదు, నల్లకి ఈ బంటు లేదు.

ఈ గొడవ మనకెందుకు? తెలుగు నేర్చుకునే మన మీద కూడా ఇదే లెక్క ప్రయోగిస్తారు. హల్లుల్ని గుణింతాలతో, మళ్ళీ ఒత్తులతో గుణించి, "వేల అక్షరాలు! ఇక్కడ పెరిగిన పిల్లలకి రావు" అంటారు. ఈసారి ఎవరైనా అలా అంటే, ఙౌ ఉన్న మాట ఒక్కటి చెప్పమనండి.