మస్టరు గుమాస్తా

మొదటి ఉద్యోగమును గూర్చి చెప్పుమన్నచో మన పెద్దలు తఱచుగా మొదటి జీతమును గూర్చి చెప్పుదురు. ఎన్ని రూపాయలు వచ్చినదియు, అందులో ఎన్ని ఇంటికి మనియార్డరు పంపినదియు, ఆ కాలమున బియ్యము ధర యెంత యుండినదియు పూసగ్రుచ్చినట్లు చెప్పి, పిదప నేటి కుఱ్ఱవారిని ఒకమాఱు తేఱిపాఱ జూచి ఊరకుందురు. జీతమును మఱచుట యెవరికిని సులభము కాదు గనుక నేనును మఱవలేదు. అయినను ఇప్పటికి నాకు జ్ఞాపకము వచ్చునది నాకు ముట్టిన జీతము కాదు, నా చేతిమీదుగా ఇతరులకు ముట్టిన కూలి. ఏలయన నా మొదటి ఉద్యోగము నందికొండ కడ కృష్ణపై కట్టుచుండిన నాగార్జునసాగరము పనిలో మస్టరు గుమాస్తా పదవి. పదవి యనుట ఉపచారార్థమే. వర్కుచార్జి ఉద్యోగమని దానికి పేరు. పని యున్నంతకాలము ఉద్యోగము, పని తీఱినచో ఇంటికి.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిపోయిన రెండవ వేసవిలో, ఎస్సెస్సెల్సీ ప్యాసై, ఊరిలో కరణముగారి ప్రక్కన కూర్చుండి అడంగలు నకళ్లు వ్రాయుచు కాలక్షేపము చేయుచున్న నన్ను దూరపు బంధువైన ఒక ఓవర్సీరుగారు చూచి, “దస్తూరీ బాగుందండీ, మావెంట పంపండి” అని మా నాయనగారితో ననుటయు, గుంటూరునుండి పోవు మీటరు గేజి బండిలో నేను మాచర్ల చేరుటయు, అక్కడినుండి సిమెంటు బస్తాల లారీపై నందికొండకు పోవుటయు వారము దినములలో జరిగిపోయినవి. 1956 నవంబరు 1వ తేదీ వఱకు ఏటి కీవలిగట్టు ఆంధ్ర రాష్ట్రము, ఆవలిగట్టు హైదరాబాదు రాష్ట్రము. రాష్ట్రములు ఒక్కటైనను గుమాస్తాల మాటలు ఇంకను ఒక్కటి కాలేదు. మేము ‘ఆబ్సెంటు’ అన్నచో ఆవలిగట్టువారు ‘గైరుహాజరు’ అందురు, మేము ‘జీతము’ అన్నచో వారు ‘తలబు’ అందురు.

యంత్రములు లేకపోలేదు. కాని విదేశమారకమునకు కటకటగా నుండిన ఆ దినములలో ఈ దేశమున సమృద్ధిగా దొరకినవి రాయియు మనుష్యులును. కావున ఆ మహాకాయమును ప్రధానముగా రాతితోనే కట్టదలచిరి. నేడు దానిని చూడబోవు విహారయాత్రికులు 124 మీటర్ల యెత్తునకు మెడలు వెనుకకు వాల్చి, 26 గేట్లను లెక్కపెట్టి, ఫోటోలు తీసికొని వత్తురు. అందలి రాళ్లలో పెక్కు పరంజాల మీదుగా మనుష్యుల తలలపైని, భుజములపైని ఎక్కినవి.

మస్టరురోలనగా ఒక వెడల్పాటి అచ్చుకాగితము. ఎడమప్రక్క వరుససంఖ్య, పేరు, తండ్రి పేరు లేక భర్త పేరు, పని తరగతి, కూలి రేటు. నడుమ తేదీలకు సన్నని గళ్లు. కుడిచివర మొత్తము దినములు, మొత్తము రొక్కము, వ్రేలిముద్రకు కొంచెము చోటు. తెల్లవాఱకమునుపే పనిచోటికి పోయి, మేస్త్రీ పేరుపేరున పిలుచుచుండగా వచ్చినవారికి ‘పీ’ యనియు, రానివారికి ‘ఏ’ యనియు గుర్తు వేసి, మధ్యాహ్నము మరల తలలు సరిచూచి, సాయంకాలమునకు ఆ దినపు గడులలో ఒక్కటియు ఖాళీ లేకుండ జూడవలెను. ఖాళీ గడి విడిచినచో రాత్రివేళ అందులో ఎవడైనను హాజరగుననియు, చనిపోయినవాడు సైతము హాజరు కాగలడనియు ఓవర్సీరుగారు నాకు మొదటి దినముననే బోధించిరి. సర్కారు లెక్కలను గూర్చి ఇంతకంటె సంగ్రహమైన ఉపదేశమును నేను మఱెక్కడను వినలేదు.

నా భాగమునకు వచ్చిన ముఠాలలో ఎక్కువ పాలమూరువి. ఆ జిల్లా కఱవులు వారిని మేస్త్రీల అడ్వాన్సులకు అప్పగింపగా, దేశమున ఎక్కడ ఆనకట్ట కట్టినను అక్కడికి తట్టలతో, పిల్లలతో, కోళ్లతో తరలిపోవుటయే వారికి జీవితమైపోయినది. రాయిని చీల్చుటకు, చెక్కుటకు వడ్డెరలు వేఱుగా నుండిరి. పేర్ల విషయమున నాకు నిత్యము చిక్కే. ఒక్క ముఠాలో ముగ్గురు బాలమ్మలు. అందులో ఇద్దఱి భర్తలును బాలయ్యలే. మేస్త్రీ వారిని పొట్టి బాలమ్మ, పొడుగు బాలమ్మ యని పిలిచి తన పని గడుపుకొనును గాని, అచ్చుకాగితములో పొట్టికిని పొడుగుకును గడి లేదు గదా. నేను పేరుప్రక్కన ఊరిపేరు చేర్చి వ్రాయసాగితిని. అకౌంటెంటుగారు దానిని చూచి కనుబొమ లెత్తిరి కాని కొట్టివేయలేదు. ఇదియొక చిక్కు కాగా, సర్కారు కాగితమునకు భర్త పేరు కావలెను, ఆచారమునకు భార్య నోట భర్త పేరు రాగూడదు. కొందఱు ప్రక్కనున్న చెల్లెలిచేత చెప్పింతురు, కొందఱు మేస్త్రీవైపు జూతురు. ఒక తెల్లవాఱుజామున క్రొత్తగా చేరిన యొక పడుచు, నేను పెనిమిటి పేరడుగగా, పడమట గట్టుపై క్రుంకుచున్న చందమామను చూపి కొంగు నోట గ్రుక్కుకొన్నది. చంద్రయ్య యని వ్రాసికొంటిని. మేస్త్రీ తల యూపెను.

బట్వాడా దినమున ముచ్చట వేఱు. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు చలామణిలోనికి వచ్చినవి. రూపాయికి పదునాఱణాలు పోయి నూఱు పైసలైనవి. అణాకు ఆఱుంబావు పైసలు రావలెను. పావు పైస టంకశాలలో పుట్టదు గనుక సర్కారు పట్టిక ప్రకారము అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. ఆ పట్టికను మేము రేకుల షెడ్డు తలుపునకు అంటించితిమి. చదువు వచ్చినవారు దానిని చూచి తృప్తిపడిరి. చదువురాని ఒక ముసలామె మాత్రము తనకు ముట్టిన చిల్లరను గోనెపట్టపై పఱచి, వ్రేళ్ల కణుపులపై లెక్క వేసి, నావైపు దిరిగి,

“అణాకు ఆరు పైసలంటివి గద బిడ్డా, మూడణాలకు పందొమ్మిదంటివి. మూడార్లు పద్దెనిమిదే గద! ఆ ఒక్క పైస యాడికెళ్లొచ్చె?” అని అడిగెను.

పావులు మూడు కలిసి ముప్పావగుననియు, ముప్పావును సర్కారు నిండుపైసగా నెంచుననియు నేను గంభీరముగా వివరించితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “అట్లయితే దుకాణంల ఒక్కొక్క అణాది కొనుక్కుంట. నీతాన మూడణాలు ఒక్కపారే తీసుకుంట” అని చిల్లర మూట గట్టుకొని పోయెను. క్రొత్త నాణెములను గూర్చి ఆ యేడు పత్రికలలో నేను చదివిన వ్యాసములలో ఈ కిటుకు ఎక్కడను కానరాలేదు.

చిల్లర ముట్టిన పిదప వ్రేలిముద్ర. రాతిని, సిమెంటును పట్టిపట్టి అఱిగిన బొటనవ్రేళ్లపై గీతలు నిలువవు. సిరాదిండుపై అద్ది ఒత్తించినచో కొందఱి ముద్ర ఒట్టి నల్లమచ్చగా పడెడిది. ముద్ర ఒక్కతీరైనను కూలి ఒక్కతీరు కాదు; ఆ కాలమున ఎక్కడ జూచినను ఆడుకూలి మగకూలికంటె తక్కువ. సమాన వేతన చట్టము 1976లో గాని రాలేదు. తట్ట బరువు మాత్రము ఆడుమగ తారతమ్యము పాటింపదు.

సెలవు దొరకిన ఆదివారములలో నేను ఎగువనున్న నాగార్జునకొండ లోయకు పోవుచుంటిని. అచ్చట 1954లో మొదలైన త్రవ్వకములు ఆర్. సుబ్రహ్మణ్యంగారి పర్యవేక్షణమున సాగుచుండెను. మునుగులోపల అంతయు త్రవ్వితీయవలెనని వారి త్వర, ముంచుటకు వలసిన గోడను లేపవలెనని మా త్వర. ఉభయత్ర తట్ట మోయువారు ఒక్కతీరువారే. అచ్చటి శాసనములలో నొకటి, ఇక్ష్వాకురాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 14వ పాలనాసంవత్సరమున బోధిసిరి యను ఉపాసిక వేయించినది. ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటమున వోగెల్ పండితుడు ప్రకటించిన దాని పాఠమును నేను చాలకాలమునకు చదివితిని. ఆ యిల్లాలు తన బంధువుల నందఱిని వావివరుసలతో పేర్కొని, తాను ఎచ్చటెచ్చట ఏమేమి కట్టించినదియు చెప్పించి, పని జూచిన ముగ్గురు థేరుల పేర్లు చేర్చి, తుట్టతుద నిది రాతిపనివాడు విధికుని పని యని వ్రాయించినది. పదునేడు వందల యేండ్ల క్రిందట ఉలి పట్టిన యొక కూలివాడు నేటికిని పేరుతో నున్నాడు. మన కాలపు ఫలకములనో, శంకుస్థాపన చేసినవారు, అధ్యక్షత వహించినవారు, విచ్చేసిన గౌరవనీయులు క్రిక్కిఱిసియుందురు; విధికునకు చోటు చాలదు.

1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడుచునాటికి నేను బడిపంతులునై వేఱొక జిల్లాలో నుంటిని. ఆ బాలమ్మలును, ఆ చంద్రయ్య భార్యయు ఏ గోడపైనైన వ్రాయబడియుందురని నేను ఆశింపలేదు; వారు వ్రాయబడినది మస్టరురోలులో మాత్రమే. అదియో, ఆడిటు ముగిసి నియమితకాలము గడచినచో చింపివేయదగిన కాగితము. హైదరాబాదులోని తార్నాకలో ప్రభుత్వ దస్తావేజుల భాండారము కలదు. షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను కాగితములు లక్షకు పైబడి అందున్నవి. వానిలో ‘అర్జ్-ఒ-చెహరా’ యనబడు హాజరుపట్టీలు కొన్ని. సిపాయి ముఖమున నున్న మచ్చలు, వాని గుఱ్ఱము రంగు, దానిపై వేసిన వాత, అన్నియు అందు వ్రాసియున్నవి. చరిత్రకారులు వానిని కన్నులకద్దుకొందురు, తగినదే. కాని ఔరంగజేబు సేనలోని గుఱ్ఱమునకు దొరకిన యీ భాగ్యము, మన అన్నము పండించు నీటికి అడ్డుకట్ట వేసిన మనిషికి ఏల దొరకరాదో నాకు బోధపడదు.

ఈ మాట ఒకమాఱు పదవీవిరమణ చేసిన ఇంజనీరు మిత్రునితో ననగా, అన్ని మస్టర్లను దాచవలెనన్న దాచుటకే మఱియొక డ్యాము కట్టవలెనని ఆయన నవ్విరి. అన్నియు నక్కఱలేదు. ఔరంగజేబు గుఱ్ఱములును అన్నియు మిగులలేదు. ఏ డివిజను ఆఫీసు బీరువా అడుగునైన నొక కట్ట చెదలు తినక మిగిలియున్నచో, ఆడిటువారికి అభ్యంతరము లేనిచో, దానిని తార్నాకకు చేర్చవచ్చును. అంతమాత్రమునకు లారీ కూడ నక్కఱలేదు, పార్సెలు చాలును, తపాలా ఖర్చు నేను పెట్టుకొందును.

— పల్నాటి పాంథుడు